అల్మాస్‌గూడలో చేపగుండె చూడబోయి

మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన కాశీ వెళ్లొచ్చి గంగాజలం పంచాడు. ఇంకొకావిడ ఊటీ వెళ్లొచ్చి నీలగిరి తైలం పంచింది. నేను అల్మాస్‌గూడ వెళ్లొచ్చాను. పంచడానికి పరువు తక్కువ కబుర్లు తప్ప నా దగ్గర ఏమీ లేవు. అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, తెలంగాణ ఉద్యమం ఇంత వేడిగా ఉన్న రోజుల్లో ఒంటరిగా హైదరాబాదు ఎందుకు వెళ్లావని. గుండె చూడ్డానికి వెళ్లానంటే నాకేదో జబ్బు చేసిందనుకుని జాలిపడ్డారు. నాది కాదు, చేపపిల్లది అని చెప్పాక ఆ జాలి తగ్గలేదు, కాకపోతే రకం మారింది. అందుకని అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను.

నేను చీరాలలో జువాలజీ పాఠాలు చెప్తాను. పురుగుమందు కలిసిన నీళ్లలో చేపగుండె ఎలా తయారవుతుందన్నది నా పరిశోధన. జీబ్రా చేప అని ఒకటుంటుంది. వేలెడంత కూడా ఉండదు, ఒంటి నిండా చారలు. దాని గుడ్డు గాజుపూసలా ఉంటుంది కాబట్టి లోపలి పిల్లకు గుండె పుట్టడం, కొట్టుకోవడం మొదలుపెట్టడం, తిన్నని గొట్టంలా ఉన్నది మెల్లగా వంకర తిరిగి రెండు గదులు కావడం అంతా మైక్రోస్కోపులో కనిపిస్తుంది. నీళ్లలో మందు ఏ కాస్త కలిసినా ఆ గొట్టం వంకర తిరగదు. సాగదీసిన దారంలా ఉండిపోతుంది. చుట్టూ నీరు చేరి రొమ్ము ఉబ్బుతుంది. అలాంటి పిల్ల ఈదలేదు, బతకదు. దీనిమీద నేను థీసిస్ మొదలుపెట్టినప్పుడు మా అమ్మాయి పలక పట్టింది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. థీసిస్ మాత్రం ఇంకా పలక దగ్గరే ఉంది. అయినా ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నా పేరు ముందు డాక్టర్ అని పెట్టి సంతకం ఎలా ఉంటుందో అప్పుడప్పుడూ పెట్టి చూసుకుంటుంటాను.

నాకు ఈ చేపల్ని పంపేది నర్సింహ. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో రంగుచేపల దుకాణం పెట్టుకున్నాడు. ఇంటిదగ్గర తొట్లలో చేపల్ని పెంచుతాడు. ప్లాస్టిక్ సంచిలో నీళ్లూ చేపలూ వేసి, ఆక్సిజన్ నింపి, మూతి బిగించి బస్సులో వేస్తే పొద్దున్నే చీరాల బస్టాండులో దింపుకుంటాను. ఏళ్ల తరబడి ఫోన్‌లోనే స్నేహం, మొహాలు చూసుకున్నది లేదు. ఆ వానాకాలం చేపలు రావడం ఆగిపోయింది. ఒకరోజు తనే ఫోన్ చేశాడు.

"మేడం, పిల్లలు పుడుతున్నై గని బతుకుతలేవు. రొమ్ము ఉబ్బుతది, పక్కకు ఒరుగుతై, సస్తై. నాకొచ్చే నీళ్లు పక్కింటి రావు సారు బోరుయి. వానలు పడ్డకాడి నుంచి ఆయన చిక్కుడు పందిరికి మందు కొడుతున్నడు. నాకు అనుమానమైతే ఉంది. గని చూడకుండ మనిషిని ఎట్ల అంటం? మంచోడు. మీరు ఒకపారి ఒచ్చి చూడుండ్రి. మీరు ఔనంటే అడుగుత, లేకుంటే నోరు మూసుకుంట."

సాక్ష్యం లేకుండా పొరుగువాణ్ణి ఒక్క మాట అనకూడదని ఒక మనిషి ఇన్నాళ్లూ పళ్లబిగువున ఆగాడు. అది నాకు అప్పుడు వినపడనే లేదు. నాకు వినపడింది "రొమ్ము ఉబ్బుతది" ఒక్కటే. నా థీసిస్ బొమ్మలు తమంతట తామే అల్మాస్‌గూడలో పుడుతున్నాయన్న సంబరంలో మైక్రోస్కోపు పెట్టెలో సర్దుకున్నాను.

ఎల్.బి.నగర్‌లో నడిరోడ్డు భోజనం

ఆరోజు బంద్ అని బస్సెక్కాక తెలిసింది. ఎల్.బి.నగర్ చౌరస్తాకి ముందే బస్సు ఆగిపోయింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేత్తో చంటిబిడ్డలా పొదివి పట్టుకున్న చెక్కపెట్టెతో దిగాను. నాలుగడుగులు వేశానో లేదో ఒక మహిళా కానిస్టేబుల్ ఆపింది.

"గా డబ్బల ఏముందమ్మా?"

"మైక్రోస్కోపండీ. చేపల గుండె చూసేది."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "చేపలకు గూడ బైపాస్ చేస్తున్నరా మేడం?" అని పక్కామెతో కలిసి నవ్వి, "పొండ్రి, జర పైలం" అని వదిలేసింది.

మా వైపు బంద్ అంటే షట్టరు సగం దించి లోపల కునుకు తీయడం. ఇక్కడ నడిరోడ్డు మీద పొయ్యి పెట్టారు. వంటావార్పు అంటారట. లారీలు తిరిగే రోడ్డు మీద రాళ్లు పేర్చి, గుండిగలతో అన్నం, పప్పుచారు వండి, వచ్చినవాళ్లందర్నీ కూర్చోబెట్టి పెడుతున్నారు. డప్పులు మోగుతున్నాయి, పాటలు పాడుతున్నారు. ఆకలికి కాళ్లు అటే లాగాయి. నా యాస బయటపడకుండా మూగదానిలా తిని పోదామని నా పథకం. విస్తరి ముందు కూర్చున్నాను. పప్పుచారులో కారం నషాళానికంటింది. పథకం గాల్లో కలిసింది.

"కాసిని మంచినీళ్లిస్తారాండీ!"

వడ్డిస్తున్న పెద్దావిడ ఆగింది. "ఆంధ్రానా?"

"చీరాలండీ" అన్నాను, ఉరిశిక్షకు సిద్ధపడ్డట్టు.

"చీరాలనా! గాడ చీరెలు మంచిగ నేస్తరట గద!" అని నా పక్కనే కూలబడింది. నేను కట్టుకున్న చీర కొంగు పట్టుకుని చూసి పెదవి విరిచింది. "గిది గాడిది కాదు." నిజమే, అది మిల్లు చీర. ఊరు పరువు తీశాను. ఆమె మాత్రం ఇంకో గరిటె పప్పుచారు పోసింది. "కొట్లాట మీతోని కాదమ్మా. తినుండ్రి. ఆకలికి యాడికెల్లి ఒచ్చినవని అడుగుతరా ఎవరన్న?"

మైక్రోస్కోపు ఒళ్లో పెట్టుకుని కడుపునిండా తిన్నాను. ఆటోవాడు సందుల్లోంచి అల్మాస్‌గూడ తీసుకెళ్లాడు. మీటరు వేయమంటే, "బంద్ల మీటరు గూడ బందే మేడం" అన్నాడు. మా ఊళ్లో బేరం ఆడకపోతే నాకు నిద్ర పట్టదు. అక్కడ ఆడితే కిందకి దింపేసేలా ఉన్నాడని ఊరుకున్నాను.

గోడ మీద చిక్కుడు తీగ

ఒకప్పుడు పల్లె, ఇప్పుడు కాలనీలు. కొత్త మేడల మధ్య ఖాళీ ప్లాట్లు, వాటిలో వాననీళ్లు. నర్సింహ బక్కపలచటి మనిషి. నన్ను చూసి కాస్త తడబడ్డాడు.

"ఫోన్‌ల గొంతు ఇని చిన్న మేడమనుకున్న."

"నేనూ అలాగే అనుకుంటుంటాను" అన్నాను.

ఆయన భార్య సుగుణ చేపపిల్లల తల్లి అనాలి. వరండా అంతా ప్లాస్టిక్ టబ్బులు, వాటిలో కంటికి కనబడీ కనబడని పిల్లలు. ఉడికించిన గుడ్డు పచ్చసొనను గుడ్డలో మూటకట్టి నీళ్లలో పిండి, వాటికి అన్నప్రాశన చేస్తుంది. పెరట్లో పెద్ద చేపలకు సిమెంటు తొట్లు. వాళ్ల బోరు ఎండిపోయింది. పక్కింటి ప్రహరీగోడ మీదుగా ఒక నల్లపైపు వచ్చి వాళ్ల తొట్టిలో పడుతుంది. అదే రావుగారి బోరు నీళ్లు. ఆయన గుడివాడ వైపు మనిషి, ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. పక్క ప్లాటులో చిక్కుడు పందిరి వేశాడు. చిక్కుడుకాయలు గోడ దాటి ఇటు వస్తాయి, సుగుణ చేసిన జొన్నరొట్టెలు డబ్బాలో అటు వెళ్తాయి. ఎవరూ ఎవరికీ ఏమీ కట్టరు.

కాళ్లు కడుక్కోగానే మైక్రోస్కోపు విప్పాను. టబ్బులోంచి ఒక పిల్లను తీసి చుక్క నీటిలో పెట్టి కన్ను ఆనించాను. రొమ్ము బుడగలా ఉబ్బి ఉంది. లోపల గుండె దారంలా సాగి, కదలాలో మానాలో తెలియనట్టు ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"ఇదే! అచ్చం ఇదే!" అని అరిచి చప్పట్లు కొట్టాను.

తలెత్తితే సుగుణా నర్సింహా నావైపు చూస్తున్నారు. చావింట్లో పెళ్లిపాట అందుకున్నదాన్ని చూసినట్టు. వాళ్ల బతుకు చచ్చిపోతుంటే నేను చప్పట్లు కొట్టాను. సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి వెంటనే పండితురాలి మొహం పెట్టాను.

"పురుగుమందే. అనుమానం లేదు."

"రావు సారు కొట్టేదేనా మేడం?"

మందు తగిలిన నీళ్లను చూసినప్పుడు, మందు తగలని నీళ్లను కూడా పక్కన పెట్టి చూడాలి, దాన్నే కంట్రోల్ అంటారు, అది లేకుండా నోరు విప్పొద్దని క్లాసులో బల్ల గుద్ది చెప్పేదాన్ని నేను. నర్సింహ అడిగినప్పుడు ఆ బల్ల చీరాలలో ఉండిపోయింది.

"పక్కనే మందు కొట్టే పందిరి ఉండగా ఇంకెక్కడ వెతుకుతాం?" అన్నాను.

ఆ రాత్రి భోజనంలోకి జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. మా వైపు చిక్కుడులో కొబ్బరి వేస్తాం. సుగుణ నువ్వులపొడి వేసింది. చాలా బాగుంది. రావుగారు విషం కొడుతున్నాడని తీర్పు చెప్పిన నోటితోనే రావుగారి చిక్కుడుకాయలు రెండోమారు వడ్డించుకుని తిన్నాను.

దిల్‌సుఖ్‌నగర్ బేరాలు

ఈ చేపలు తెల్లవారు వెలుగులో గుడ్లు పెడతాయి. మర్నాడు పొద్దున్నే పెరటి తొట్టిలోంచి గుడ్లు ఏరి, ఆలస్యంగానైనా బుద్ధి తెచ్చుకుని, దుకాణంలో కొన్న సీసా నీళ్లలో వేశాను. మంచినీళ్లలో పిల్లలు ఎంత చక్కగా పెరుగుతాయో వీళ్లకు చూపించి నా తీర్పు మీద రాజముద్ర వేయించుకోవాలని. గిన్నెను వంటింటి గట్టు మీద పెట్టాను.

"చీమలు పట్టకుండా చూడమ్మా. ఇవి నా ప్రాణం."

"మీరు పరేషాన్ కాకుండ్రి మేడం, నేను చూస్కుంట" అంది సుగుణ.

బంద్ కాస్త సడలిందని నర్సింహతో దుకాణానికి వెళ్లాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మనిషి నడవనక్కర్లేదు, నిలబడితే జనమే నడిపిస్తారు. కోచింగ్ సెంటర్ల పిల్లలు, చీరల కొట్లు, మిర్చిబజ్జీల బండ్లు. సగం మాటలు నర్సింహ యాసలో, సగం మా యాసలో, మధ్యలో ఉర్దూ. జత జీబ్రా చేపలు ప్లేటు మిర్చిబజ్జీ కంటే చవక. ఒకాయన వచ్చి వాస్తుకి ఏ చేప మంచిదని అడిగాడు. నర్సింహ గోల్డ్‌ఫిష్ చూపించాడు. "ఏ దిక్కుల పెట్టాలె?" అంటే, "పిల్లి లేని దిక్కుల" అన్నాడు.

ఫుట్‌పాత్ మీద ఒకతను ఏది తీసుకున్నా ఒకటే రేటని అరుస్తున్నాడు. నాకు ఆ అరుపు వింటే ఆగడం చేతకాదు. టీ వడపోత, హెయిర్‌పిన్నులు, చీమల చాక్‌పీసులు తీసుకున్నాను. చీరాలలో ఇవే రెట్టింపు ధర. గెలిచిన రాజులా ఇంటికొచ్చాను.

సాయంత్రం నర్సింహ గోడ దగ్గరికి వెళ్లాడు. నేను వరండాలో టబ్బుల చాటున కూర్చుని విన్నాను. చాటున ఎందుకు కూర్చున్నానంటే ధైర్యం లేక.

"రావు సారూ, మేడం చూసిండ్రు. నీళ్లల్ల మందు కలుస్తుందట."

"ఏ మందయ్యా?"

"మీరు చిక్కుడుకు కొట్టేదే."

"అంటే నీ చేపల్ని నేను చంపుతున్నానా?"

"చంపుతున్నరని అంటలే సారూ. కలుస్తుంది అంటున్న."

"ఎవరా మేడమ్?"

"చీరాల నుంచి ఒచ్చిండ్రు."

"మనవైపు ఆవిడే చెప్పిందన్నమాట." రావుగారి గొంతు మెత్తగానే ఉంది. "మీవాళ్లు మా నీళ్లు తిన్నారు, మీవాళ్లు మా ఉద్యోగాలు తిన్నారు అని రోజూ టీవీలో వింటున్నాను నర్సింహా. వినలేకపోతే టీవీ కట్టేస్తాను. నువ్వంటే ఏం కట్టెయ్యనయ్యా?"

మోటారు ఆగిన చప్పుడు వినిపించింది. నల్లపైపు గోడ మీద పాకుతూ అటువైపు వెళ్లిపోయింది.

"విషమని తెలిశాక నీళ్లెలా ఇస్తాను? నాకూ మనసొప్పదు" అన్నాడాయన. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

సుగుణ అలవాటు కొద్దీ రొట్టెలు ఎక్కువే చేసింది. డబ్బా సర్ది, మూత పెట్టాక, మళ్లీ మూత తీసి మా ముందు పెట్టింది.

కొత్తపేట రైతుబజారు

తర్వాతి రోజంతా నర్సింహ నీళ్ల కోసం ట్యాంకర్ల వెంట తిరిగాడు. సమ్మె రోజులు, ట్యాంకర్లు మనుషులకే చాలడం లేదు. చేపలకని అడిగితే నవ్వారట. నేను సుగుణకు సాయమని కొత్తపేట వెళ్లాను. పళ్ల మార్కెట్టు బయట బత్తాయి గుట్టలు, లోపలికి వెళ్లకుండానే వాసన కడుపు నింపుతుంది. రైతుబజారులో వంకాయలు ఏరుతూ, అమ్మే ఆమెకు పురుగుమందుల మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పోయిన పరువు కొంతైనా సంపాదించుకుందామని. ఆమె ఓపిగ్గా విని నా బుట్టలోకి చూసింది.

"పుచ్చు ఉన్నదొక్కటన్న తీస్కున్నవా అమ్మా? అన్ని నున్నగున్నయే ఏరినవు. పురుగుంటె మీరు కొనరు, మందు కొడితె తిడతరు. మేమేం జెయ్యాలె?"

సుగుణ రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు కోసమైనా ఆ చీవాట్లు నాకు గిట్టుబాటే.

వంటింటి గట్టు మీద

గుడ్లు తీసిన మూడో పొద్దుకి నా సీసానీళ్ల పిల్లల్లో గుండెలు చక్కగా వంకర తిరిగి ఉండాలి. సుగుణను, నర్సింహను పిలిచి, గంభీరంగా గిన్నె తెచ్చి, కన్ను ఆనించాను.

రొమ్ములు ఉబ్బి ఉన్నాయి. గుండెలు దారాల్లా సాగి ఉన్నాయి.

ముందు సీసా నీళ్ల కంపెనీని తిట్టాను. తర్వాత ఎండను తిట్టాను. తర్వాత కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. చివరికి గిన్నె ఎత్తి చూస్తే గట్టు మీద దాని చుట్టూ తెల్లటి గుండ్రటి గీత. గిన్నె అంచు మీద కూడా తెల్లగా ఉంది.

"ఇదేంటమ్మా?"

"చీమలకు మేడం. మీ ప్రాణమన్నరు గద. గట్టు మీద గీసిన. ఎందుకైన మంచిదని అంచుకు గూడ గీసిన."

నా సంచిలోంచి ఫుట్‌పాత్ మీద కొన్న చీమల చాక్‌పీసు తీశాను. సుగుణ గీసిందీ, ఇదీ ఒకటే. డబ్బా మీద ఏ మందో రాసిన అక్షరాలు ఎంత చిన్నవంటే కళ్లజోడుకు అందలేదు, మైక్రోస్కోపు కింద పెట్టి చదివాను. నేను ఇన్నేళ్లుగా చేపల మీద ప్రయోగిస్తున్న మందుకి అది స్వయానా చెల్లెలు. చీమకు ఒక గీత చాలు. చేపపిల్లకు ఆ గీతలోంచి రాలిన పొడి చాలు.

మెల్లగా తల తిప్పి వరండా వైపు చూశాను. ప్రతి టబ్బు అంచూ తెల్లగా ఉంది.

"గుడ్డు సొనకు చీమలొస్తై మేడం. వానలు పడ్డకాడి నుంచి మరీ ఎక్కువైనై. రోజు పొద్దూకంగనే అన్నిటికి గీస్త" అంది సుగుణ. అంటూ అంటూనే ఆమెకు అర్థమైపోయింది. నీళ్లు పోసినప్పుడల్లా అంచులు తడిసి లోపలికి కారేది ఏమిటో తెలిసిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"నా చేతులతోని నేనే సంపుకున్ననా మేడం? గుడ్డు నలిపి పెట్టిన చేతులతోని?"

"నీకెవరూ చెప్పలేదమ్మా. చెప్పాల్సినదాన్ని నేను. నేనే వెళ్లి అవి కొనుక్కొచ్చాను" అన్నాను. ఏడుపొచ్చింది నాకు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం వేరు. నేను వెతకడంతో ఆగలేదు, పొరుగాయన ఎత్తుకెళ్లాడని చాటింపు కూడా వేశాను.

నర్సింహ గోడవైపు చూస్తూ ఒక్కటే అన్నాడు. "ఇప్పుడు గా మనిషికి ఏమని చెప్తం?"

ఈసారి నోటికి తాళం వేసి పని మొదలుపెట్టాను. టబ్బులన్నీ కడిగాం. మర్నాడు తెల్లవారగానే మళ్లీ గుడ్లు ఏరాను. డ్రమ్ములో అడుగున మిగిలిన రావుగారి నీళ్లలో కొన్ని, తాగడానికని దొరికిన ట్యాంకరు నీళ్లు కాచి చల్లార్చి వాటిలో కొన్ని వేశాను. చీమలకు మా అమ్మమ్మ పద్ధతి. పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెట్టడం. నెయ్యిగిన్నెకు అలాగే పెట్టేది. అమ్మమ్మకు థీసిస్ లేదు. మళ్లీ బంద్‌కి పిలుపిచ్చారు, బస్సులు ఎలాగూ లేవు. ఉండిపోయాను.

రెండు రోజులకు రెండు గిన్నెల్లోనూ గుండెలు వంకర తిరిగాయి. రావుగారి నీళ్లలోవి మరికాస్త చురుగ్గా ఉన్నాయి.

గోడ అవతల

రావుగారింటికి మైక్రోస్కోపు మోసుకుని వెళ్లాను. నర్సింహ గేటు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. తిట్టి పంపిస్తారనుకున్నాను.

"రండమ్మా, కూర్చోండి. కాఫీ తాగుతారుగా?" అన్నాడాయన. కంచంలో సగం తిన్న బన్ను ఉంది. ఆ పూట ఆయన భోజనం అదే. అది చూసి, ఇంట్లో కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయాను.

"తప్పు నాదండీ. మీ మందు కాదు, చీమల చాక్‌పీసు. చూడకుండా నోరు పారేసుకున్నాను" అనేశాను.

మైక్రోస్కోపు కిటికీ దగ్గర పెట్టి చూడమన్నాను. కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"కొట్టుకుంటోందే!"

"గుండేనండీ."

"ఎవరి నీళ్లివి?"

"మీవే. డ్రమ్ములో మిగిలినవి."

మళ్లీ వంగి చూశాడు. లేచి కళ్లు తుడుచుకున్నాడు. ఎక్కువసేపు చూస్తే ఎవరికైనా నీళ్లొస్తాయి, నేనేమీ అనుకోలేదు. తర్వాత మామూలుగా అడిగాడు.

"మరి మీ కాలేజీలో చీమలుండవామ్మా?"

ఉంటాయి. మా ల్యాబ్‌లో ఉన్నన్ని చీమలు ఇంకెక్కడా ఉండవు. ప్రతి ఏడూ నా మంచినీళ్ల గిన్నెల్లో కూడా కొన్ని పిల్లలకు రొమ్ములు ఉబ్బేవి. ఎందుకని మా గైడ్ అడిగితే వేడి ఎక్కువైందని రాశాను. ఆ గిన్నెల చుట్టూ చాక్‌పీసుతో అందంగా గుండ్రంగా గీత గీసేది ఎవరో కాదు. బొమ్మలు వేయడంలో నాకు కాలేజీలో బహుమతి కూడా వచ్చింది.

ఆ మాటే చెప్పాను. రావుగారు మొదట ఆపుకోవాలని చూసి, తర్వాత గట్టిగా నవ్వేశాడు. గేటు దగ్గర నర్సింహ ఉలిక్కిపడ్డాడు. నవ్వు ఆగాక ఆయన మొహం మళ్లీ మామూలైంది.

"నా మందు ఎప్పటికీ నీళ్లలోకి దిగదని చెప్పగలరా?"

"చెప్పలేనండీ. ఈసారి ఇది మీది కాదు. అంతవరకే చెప్పగలను."

ఆయన తలూపాడు. పైపు సంగతి ఎత్తబోయాను. "కాఫీ చల్లారిపోతోందమ్మా" అన్నాడు. గేటు దగ్గరి నుంచి నర్సింహ, "సారూ..." అన్నాడు. "దుకాణానికి పొద్దుపోతుందేమో, వెళ్లవయ్యా" అన్నాడు రావుగారు. కోపంగా కాదు, ప్రేమగానూ కాదు. నల్లపైపు చుట్టలా చుట్టి ఆయన మోటారు పక్కనే ఉంది.

మర్నాడు బస్సెక్కేదాకా అది అక్కడే ఉంది.

చీరాల

ల్యాబ్ తలుపు తీసి బల్ల చూశాను. నా తెల్లగీతలు నాకోసం చక్కగా ఎదురుచూస్తున్నాయి. తడిగుడ్డతో తుడిచాను. అదే గుడ్డతో థీసిస్‌లో సగం తుడిచిపెట్టుకుపోయింది. మా గైడ్‌కు ఫోన్ చేసి చెప్పాను. "పోన్లేమ్మా, వేడి కాదని తేలింది" అన్నాడు.

నర్సింహకు ఫోన్ చేయాలంటే చెయ్యి రాలేదు. ఏమని అడగను? నా ఒక్క మాటతో పోయినవి నీళ్లొక్కటే కాదు. నవ్వుతూ ఈ కబుర్లు చెప్తున్నాను గానీ, ఆ రోజుల్లో స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా హైదరాబాదు గొడవల గురించి తీర్పులు చెప్తుంటే లేచి బయటికి వెళ్లిపోయేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒకరోజు బస్టాండు నుంచి కబురొచ్చింది, సంచి వచ్చిందని. ఆక్సిజన్‌తో ఉబ్బిన సంచి, నిండా చారల చేపలు. ఇంటికి తెచ్చేలోపే నర్సింహ ఫోన్.

"మేడం, నీళ్లు ఒకటేసారి మార్చకుండ్రి. అలవాటైన నీళ్లు. రావు సారుయే."

నేను రోడ్డు పక్కన ఆగిపోయాను. "ఎప్పుడు ఇచ్చారు?"

"మీరు పోయినంక జర దినాలకు. పొద్దుగాల లేచి చూస్తె పైపు మా తొట్ల ఉంది, నీళ్లు పడుతున్నై. ఆయనేం అనలే, నేనేం అనలే. సుగుణ రొట్టెల డబ్బ గోడ మీద పెట్టింది, గంతే."

"మరి మందు?"

"బంద్ పెట్టిండు. పొద్దుగాల అద్దాలు పెట్టుకుని చిక్కుడు పందిరికి పురుగులు ఏరుతున్నడు. ఏరి డబ్బల వేసి గోడ మీద పెడుతున్నడు మేడం, నా గోల్డ్‌ఫిష్‌లకు. మస్తు తింటున్నై."

మర్నాడు వెలుగు రాగానే గుడ్లు ఏరాను. కొన్ని ఆ సంచి నీళ్లలో, కొన్ని మా ఊరి నీళ్లలో వేసి, గిన్నెల్ని నీళ్ల పళ్లేల మధ్య పెట్టాను. చీమలు పళ్లెం అంచు దాకా వచ్చి, చూసి, వెళ్లిపోయాయి. సంచి నీళ్లలోని పిల్లలో మొదట సన్నని గొట్టం కనిపించింది, తర్వాత అది కొట్టుకుంది, ఇంకా తర్వాత మెల్లగా వంకర తిరిగింది. చప్పట్లు కొట్టబోయి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. పక్క గిన్నె ఇంకా చూడలేదు.